ఔషధ నిర్దేశము, ఔషధ భద్రత: విలియం ఇన్మన్ పరిశోధనలు

నిర్వచనము

వైద్యుడు రోగికి ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్ని దినములు వాడవలయునో నిర్ణయించి వ్రాసి యిచ్చుట ఔషధ నిర్దేశము. వాడుకలో దీనిని మందుల చీటి వ్రాయుట యందుము. అట్లు వ్రాయబడిన మందు రోగి శరీరమునకు ఉద్దేశింపని కీడు చేయుచున్నదా, చేయుచున్నచో ఎట్టివారికి, ఎంత తరచుగా చేయుచున్నది అను విషయమును, అమ్మకము మొదలైన పిమ్మట కూడ విడువక గమనించు శాస్త్రము ఔషధ పర్యవేక్షణము. నేటి వైద్యవర్గములలో దీనికి ఫార్మకోవిజిలెన్స్ అని వ్యవహారము. ఈ వ్యాసమున ఆ శాస్త్రమునకు బ్రిటన్‌లో పునాదులు వేసినవారిలో ముఖ్యుడైన విలియం ఇన్మన్ (1929–2005) కృషి ప్రధానముగా వివరింపబడుచున్నది.

ఒక మందును అమ్మకమునకు అనుమతించుటకు ముందు జరుగు పరీక్షలలో పాల్గొను రోగులు సాధారణముగా కొన్ని వందలమంది, మిక్కిలియైన కొన్ని వేలమంది. పదివేలమందిలో ఒక్కరికి కలుగు కీడు మూడువేలమందిపై జరిగిన పరీక్షలో కానరాకపోవుట వింత కాదు; అట్టి కీడు ఒక్కసారియైనను కంటబడునని నూటికి 95 పాళ్ల నమ్మకము కలుగవలెనన్నచో సుమారు 30,000 మందిని గమనింపవలసి యుండును. అదిగాక పరీక్షలకు ఎన్నుకొనబడువారిలో వృద్ధులు, గర్భిణులు, రెండు మూడు రోగములకు ఒకేసారి మందులు మ్రింగువారు తక్కువ. చీటి చేతబట్టుకొని మందుల షాపునకు పోవువారిలోనో వారే ఎక్కువ. కావున మందునకు అసలు పరీక్ష అమ్మకము మొదలైన నాటినుండియే యనుట అతిశయోక్తి కానేరదు.

పూర్వచరిత్ర

1847 నవంబరులో ఎడింబరోలో వైద్యుడు సింప్సన్ మత్తుమందుగా ప్రవేశపెట్టిన క్లోరోఫారము, మూడు నెలలైనను నిండకమునుపే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ సమీపమున కాలిగోరు తీయించుకొనవచ్చిన హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక ప్రాణమును గొనెను. అటుపిమ్మట నలువది సంవత్సరములపాటు ఇట్టి మరణములు సంభవించుచునే యుండెను గాని, క్లోరోఫారము ముందుగా ఆపునది గుండెనా, ఊపిరినా అను వివాదము తెగలేదు. ఆ వివాదమును తీర్చుటకై ఏర్పడిన రెండు సంఘములు తెలుగునాటనే, హైదరాబాదు నగరమున, 1888, 1889 సంవత్సరములలో పనిచేసినవి. రెసిడెన్సీ సర్జనును, హైదరాబాదు వైద్య పాఠశాల అధ్యక్షుడును అగు ఎడ్వర్డ్ లారీ వీనిని నడపెను; ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వ్యయము భరించెను; రెండవ సంఘమునకు లండనులోని లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. జంతువులపై పెక్కు ప్రయోగములు చేసి, ముందాగునది ఊపిరియే యని, ఊపిరిని కనిపెట్టి యున్నచో క్లోరోఫారము నిరపాయకరమని వారు తేల్చిరి. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులపై చేసిన ప్రయోగములు ఈ నిర్ణయమును తలక్రిందులు చేసినవి: మత్తు పలుచగా నున్న దశలోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవునని ఆయన చూపెను. హైదరాబాదు ప్రయోగములలో శ్రద్ధకు లోపము లేదు. అయినను అధికమోతాదుతో ప్రయోగశాలలో కుక్క చనిపోవు తీరు వేరు, శస్త్రచికిత్స బల్లపై మత్తు ఇంకను ఎక్కకమునుపే రోగి చనిపోవు తీరు వేరు. మనుష్యులలో సంభవించిన మరణములను ఒక్కొక్కటిగా చేర్చి లెక్కించు పద్ధతి అప్పటికి కుదురుకొనలేదు.

ఆ పద్ధతి కుదురుటకు థాలిడోమైడు విపత్తు కారణమయ్యెను. జర్మనీలో 1957లోను, బ్రిటన్‌లో 1958లోను అమ్మకమునకు వచ్చిన ఈ నిద్రమాత్రను గర్భిణులు సేవించుటవలన లోకమున పదివేలమందికి పైగా శిశువులు అవయవలోపములతో పుట్టిరి. 1961 చివర జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అను వైద్యులు వెలిబుచ్చిన అనుమానములే దానిని ఆపినవి. అమెరికాలో ఔషధ అనుమతులను పరిశీలించు అధికారిణి ఫ్రాన్సెస్ కెల్సీ అనుమతి నిరాకరించుటచే ఆ దేశము చాలవరకు తప్పించుకొనెను. బ్రిటిషు ప్రభుత్వము 1963లో సర్ డెరిక్ డన్‌లప్ అధ్యక్షతన ఔషధ భద్రతా సంఘమును నియమించెను.

ఇన్మన్ జీవితము

ఇన్మన్ కేంబ్రిడ్జిలో వైద్యవిద్యార్థిగా నుండగా పోలియో సోకి కాళ్లు చచ్చుబడెను. చక్రముల కుర్చీలో నుండియే చదువు ముగించి పట్టము పొందెను. ఆస్పత్రి వార్డులలో తిరుగు ఉద్యోగములు అందుబాటున లేకపోవుటచే కొంతకాలము ఐ.సి.ఐ. అను కంపెనీ ఔషధ విభాగమున వైద్య సలహాదారుగా పనిచేసి, 1964లో డన్‌లప్ సంఘమున చేరెను. తరువాతి పదునారేండ్లు అచ్చటనే గడపి, 1980లో సౌతాంప్టన్ నగరమున ఔషధ భద్రతా పరిశోధన కేంద్రమును స్థాపించెను. తన అనుభవములను 1999లో ‘డోంట్ టెల్ ది పేషెంట్’ అను గ్రంథముగా ప్రకటించెను.

పసుపు కార్డు

1964 మే మాసమున డన్‌లప్, దేశములోని వైద్యులందరికిని దంతవైద్యులందరికిని ఒక లేఖ వ్రాసి, మందువలన కలిగియుండవచ్చునని తోచిన ఏ అనిష్టపరిణామమునైనను తెలుపుడని కోరెను. లేఖతో తపాలా ఖర్చు ముందే చెల్లింపబడిన కార్డులు వచ్చినవి. వాని రంగు పసుపు. ఆ రంగునకు శాస్త్రీయ కారణమేదియు లేదు. ఆ సమయమున పసుపు కాగితము పెద్దయెత్తున మిగిలి యుండినదని మాత్రము చెప్పుదురు. వైద్యుడు పూరింపవలసినవి కొద్ది గళ్లే: రోగి వివరములు, అనుమానించిన మందు, మోతాదు, మొదలిడిన తేదీ, ఆపిన తేదీ, కలిగిన కీడు, అదే కాలమున వాడిన ఇతర ఔషధములు. వ్రాసిన సంగతులు రహస్యముగా నుంచబడునని, వైద్యునిపై క్రమశిక్షణ చర్యకుగాని, అతడు వ్రాయు మందుల ఖర్చుపై విచారణకుగాని వినియోగింపబడవని డన్‌లప్ మాట యిచ్చెను. ఈ వాగ్దానము లేనిచో కార్డులు వచ్చియుండెడివి కావు.

ఈ ఏర్పాటులోని ముఖ్యాంశము, వైద్యుని నుండి ఋజువు అడుగకపోవుట. అనుమానము చాలును. ఒక్క కార్డునకు విలువ స్వల్పము. ఒకే మందుపై ఒకే తీరు కీడు దూరదూరపు ఊళ్లనుండి పది కార్డులుగా వచ్చినపుడు అది హెచ్చరిక యగును. ఇన్మన్ కార్డులను లెక్కించుటతో తృప్తి చెందక, వానిని పంపినవారి యొద్దకు క్షేత్రవైద్యులను పంపి రోగి చరిత్రమును మరల చదివించెను. మరణధ్రువపత్రములను కూడ తెప్పించి, వానినుండి వెనుకకు పోయి, మృతులు ఏ మందులు వాడిరో విచారింపజేసెను. (చూ. నివేదనలోని లోపములు.)

ప్రధాన పరిశోధనలు: గర్భనిరోధక మాత్రలు

మాత్రలు వాడు యువతులలో రక్తపు గడ్డలు ఏర్పడి ఊపిరితిత్తులకో మెదడునకో పోయి ప్రాణాపాయము కలిగించుచున్నవని కార్డులు రాసాగినవి. మాత్రలు వాడనివారిలోను ఇట్టి మరణములు ఉండునుగదా యను ప్రశ్న సహజము. 1968లో ఇన్మన్, మార్టిన్ వెస్సీ కలిసి, ప్రసవయోగ్యమైన వయస్సున గడ్డలవలన మరణించిన స్త్రీల వృత్తాంతములను, అదే వైద్యుల యొద్ద నమోదైన సమవయస్కులగు ఇతర స్త్రీల వృత్తాంతములతో పోల్చి, మాత్రలకును మరణములకును సంబంధము కలదని నిరూపించిరి. అంతకంటె ముఖ్యమైన ఫలితము 1970లో వెలువడినది. బ్రిటన్, స్వీడన్, డెన్మార్కు దేశముల నివేదనలను మాత్రల అమ్మకపు లెక్కలతో కలిపి చూడగా, మాత్రలోని ఈస్ట్రొజెను మోతాదు పెరిగిన కొలది గడ్డల ప్రమాదమును పెరుగుచున్నట్లు తేలెను. 1969 చివరనే 50 మైక్రోగ్రాములకు మించని ఈస్ట్రొజెను గల మాత్రలనే వ్రాయవలసినదిగా సంఘము వైద్యులకు సలహా ఇచ్చెను. మాత్ర నిషేధింపబడలేదు; చీటిలో వ్రాయు మోతాదు మారినది.

ఉబ్బసపు పీల్చుమందులు

1960 దశకమున ఇంగ్లండు, వేల్సులలో ఉబ్బసపు మరణములు విపరీతముగా పెరిగెను. 10 మొదలు 14 ఏండ్ల పిల్లలలో ఈ పెరుగుదల ఏడెనిమిది రెట్లని లెక్క. ఐసోప్రెనలిను ఇన్‌హేలరులు, ముఖ్యముగా సాధారణపు దానికంటె ఒక్క పీల్పున ఐదింతల మందు విడుచు ‘ఫోర్టె’ రకము, అప్పుడే వ్యాప్తిలోనికి వచ్చినవి. 1967లో హెచ్చరిక వెడలెను, 1968లో చీటి లేక అమ్మరాదను నిబంధన వచ్చెను, మరణములు తగ్గెను. ఇన్మన్, ఏడెల్‌స్టీన్ 1969లో అమ్మకపు రేఖను, మరణరేఖను ప్రక్కప్రక్కన చూపిరి. మందు గుండెను నేరుగా దెబ్బతీసినదా, లేక తాత్కాలిక ఉపశమనమునకు మురిసి రోగి ఆస్పత్రికి ఆలస్యముగా చేరుటవలన ప్రమాదము కలిగినదా యనుటలో మతభేదము నేటికిని కలదు. అయినను న్యూజీలాండులో 1970 దశకపు రెండవ భాగమున ఫెనొటెరాల్ ఇన్‌హేలరుతోపాటు ఉబ్బసపు మరణములు మరల ప్రబలుట గమనింపదగినది.

ఇతర మందులు

మత్తుమందగు హాలోథేను స్వల్పకాల వ్యవధిలో మరల మరల ఇచ్చుటవలన కామెర్లు కలుగుచున్నవని కార్డిఫ్ మత్తువైద్యుడు విలియం మషిన్‌తో కలిసి ఇన్మన్ 1974లో ప్రకటించెను. కీళ్లనొప్పులకు వాడు ఫినైల్‌బ్యుటజోను వృద్ధులలో ఎముకమజ్జను పాడుచేసి ప్రాణాంతకమగుటను 1977లో మరణధ్రువపత్రముల మూలమున నిరూపించెను.

నివేదనలోని లోపములు

పసుపు కార్డు ఎంత ఉపకారియో అంత అసంపూర్ణము. ప్రాక్టొలాల్ ఉదంతము దీనికి నిదర్శనము. 1970లో, ఇన్మన్ పూర్వము ఉద్యోగము చేసిన ఐ.సి.ఐ. కంపెనీయే, గుండెజబ్బులకై విడుదల చేసిన ఈ బీటా నిరోధకమును కొంతకాలము వాడినవారిలో కన్నీరు ఇంకిపోయి కార్నియా దెబ్బతినుట, చర్మముపై పొక్కులు, కొందరిలో పొత్తికడుపు లోపలి పొర గట్టిపడి ప్రేగులను బిగించుట కనబడెను. జంతువులపై జరిగిన పరీక్షలలో ఈ కీడు కానరాలేదు. కార్డులలోను దాదాపు కానరాలేదనుట ఆశ్చర్యకరము: నేత్రవైద్యుడు పీటర్ రైట్, చర్మవైద్యులు తమ పరిశీలనలను 1974, 1975 సంవత్సరములలో ప్రకటించువరకు కంటి జబ్బును గూర్చిన కార్డులు బహుస్వల్పము, ప్రకటించిన పిదప గడచిన కాలపు రోగులను గూర్చియు కార్డులు కుప్పలుగా వచ్చిపడినవి. కన్ను పొడిబారినదని రోగి చెప్పుకొనగా, గుండెకు ఇచ్చిన మందుపై వైద్యునికి అనుమానము కలుగకపోవుట మానవసహజము. 1975లో ఆ మాత్రలు ఉపసంహరింపబడెను.

వైద్యులు కార్డులు ఎందులకు పంపరను ప్రశ్నను ఇన్మన్ లోతుగా విచారించి, కారణములను క్రైస్తవ సంప్రదాయపు సప్త మహాపాపములతో పోల్చెను. అనుమతి పొందిన మందు నిరపాయమేయను ధీమా. కోర్టు వ్యవహారమగునేమోయను భయము. తాను వ్రాసిన మందే రోగికి కీడు చేసెనను అపరాధభావము. కేసులు కూడబెట్టి తానే వ్యాసముగా ప్రకటింపవలెనను ఆశ. తెలుపవలసిన విధియే తెలియని అజ్ఞానము. ఉత్త అనుమానమును పంపిన నలుగురు నవ్వుదురేమోయను సంకోచము. చివరిది, రేపు పంపుదములెమ్మను అలసత, అనగా కార్డు ఎక్కడ పెట్టితినో దొరకలేదనుట. చమత్కారముగా చెప్పబడినను ఈ పట్టికను నేటికిని ఔషధ పర్యవేక్షణ శిక్షణలలో బోధించుచున్నారు.

రెండవ లోపము లెక్కకు సంబంధించినది. కార్డుల సంఖ్య భిన్నములో పైనుండు సంఖ్య మాత్రమే. మందు ఎందరు వాడిరను క్రింది సంఖ్య కార్డులలో ఉండదు. ఒక మందుపై నూరు కార్డులు, మరియొకదానిపై పది కార్డులు వచ్చినంతమాత్రమున మొదటిది పదింతల అపాయకరమని చెప్పరాదు. మొదటిదానిని నూరింతలమంది వాడియుండవచ్చును.

సంఘటన పర్యవేక్షణము

భిన్నములోని ఆ క్రింది సంఖ్యను, అనగా మందు వాడినవారి సంఖ్యను, సాధించుటయే సౌతాంప్టన్ కేంద్రము చేసిన పని. దీనికి మూలమైన భావమును గణాంకశాస్త్రజ్ఞుడు డేవిడ్ ఫిన్నీ 1965లో ప్రతిపాదించెను: మందువలన కలిగెనా లేదా యను విచారణను వైద్యునిపై మోపక, మందు వాడు కాలమున రోగికి ఏమి సంభవించినను నమోదు చేయించి, సంబంధమును పిదప గణాంకములచే తేల్చవలెను. ‘ప్రతిచర్య’ అనుట తీర్పు. ‘సంఘటన’ అనుట వృత్తాంతము.

ఆ కాలమున పని జరిగిన తీరిది. ఇంగ్లండులో సాధారణ వైద్యుడు వ్రాసిన చీటిని మందుల షాపువాడు తీసికొని మందు ఇచ్చుచుండెను. తన డబ్బు రాబట్టుకొనుటకై ఆ చీటిని చీటీలకు వెలకట్టు ప్రభుత్వ కార్యాలయమునకు పంపుచుండెను. దేశములోని చీటీలన్నియు ఇట్లు లెక్కల గుమాస్తాల బల్లమీదికి వచ్చి, సొమ్ము చెల్లింపగానే పనికిరాని కాగితములగుచుండెను. ఇన్మన్ దృష్టి వీనిపై పడెను. ఎన్నుకొనిన క్రొత్తమందు వ్రాయబడిన చీటీల ప్రతులు రహస్యముగా సౌతాంప్టనునకు పంపబడుచుండెను. కొన్ని నెలలు గడచిన పిదప, ఆ చీటి వ్రాసిన వైద్యునికి రోగి పేరుతో ఒక ఆకుపచ్చ పత్రము పోవుచుండెను. దానిపై ‘సంఘటన’ యన నేమో నిర్వచనము ఉండెడిది: క్రొత్తగా గుర్తింపబడిన రోగము, నిపుణుని యొద్దకు పంపుట, ఆస్పత్రిలో చేర్చుట, ఉన్న రోగము అనుకోకుండ ముదురుట లేక తగ్గుట, వైద్యునికి ముఖ్యముగా తోచిన మరి ఏ ఫిర్యాదు అయినను. ఉదాహరణముగా చూపినది కాలు విరుగుట. మాత్రకును విరిగిన కాలికిని సంబంధమేమని వైద్యుడు నవ్వవచ్చును. అయినను మాత్ర తల తిప్పుటచే రోగి మెట్లమీద పడెనేమో, ఎముకలను గుల్ల చేసెనేమో ఒక్క రోగిని చూచిన వైద్యునికి తెలియదు. పదివేలమందిలో కాళ్లు విరిగినవారు ఎక్కువైనపుడే తెలియును. ఒక్కొక్క మందునకు సుమారు పదివేలమంది వృత్తాంతము సేకరించుట ఈ పద్ధతి లక్ష్యము.

పరిశీలనకు వచ్చిన తొలి మందులలో బెనొక్సాప్రొఫెను ఒకటి. ఓప్రెను అను పేర 1980లో బ్రిటన్‌లో వెలసిన ఈ కీళ్లనొప్పుల మాత్ర, ఎండ తగిలిన చర్మమును మండించుటయేగాక, వృద్ధులలో కాలేయమును పాడుచేసి మరణములకు కారణమగుటచే, 1982 ఆగస్టులో ఆపివేయబడెను. వృద్ధుల శరీరమునుండి అది బయటపడుటకు యువకులకంటె అనేక రెట్ల కాలము పట్టుచున్నను, వారికిని అదే మోతాదు వ్రాయబడుచుండుట ఇందలి మూలదోషము. మందు దోషమెంత, చీటి దోషమెంత యని వేరుచేయుట ఇట్టిచోట కష్టము.

ఈ పద్ధతికిని పరిమితులు కలవు. పత్రములలో సగమునకు కొంచెము పైగా మాత్రమే తిరిగివచ్చెడివి; రానివానిలో ఏమున్నదో ఊహింపవలసినదే. ఆస్పత్రిలో ప్రారంభించి అక్కడనే ముగిసిన చికిత్స, చీటి లేకుండ కొనిన మందు దీనికి అందవు. మందు కొనిన రోగి దానిని మ్రింగెనా లేదా యనునది ఏ పత్రమును చెప్పజాలదు.

హెచ్చరికల ప్రభావము

భద్రతా హెచ్చరిక కూడ మందువంటిదే. దానికిని మోతాదు కలదు. 1995 అక్టోబరులో కొన్ని క్రొత్తరకపు గర్భనిరోధక మాత్రలవలన గడ్డల ప్రమాదము కొంత అధికమని బ్రిటన్‌లో ప్రకటన వెలువడగా, ప్రమాదము స్వల్పమేయని చెప్పు వివరము జనులకు చేరకమునుపే పెక్కుమంది స్త్రీలు మాత్రలను అర్ధాంతరముగా మానిరి. మరుసటి సంవత్సరము ఇంగ్లండు, వేల్సులలో గర్భవిచ్ఛిత్తుల సంఖ్య పెరిగెను. గర్భధారణమువలన గడ్డలు కట్టు ప్రమాదము ఆ మాత్రల ప్రమాదముకంటె ఎక్కువ.

అంతర్జాతీయ వ్యవస్థ, భారతదేశము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో పది దేశములతో ఔషధ పర్యవేక్షణ ప్రణాళికను ఆరంభించెను; 1978 నుండి దాని కార్యనిర్వహణ కేంద్రము స్వీడన్‌లోని ఉప్సాలలో ఉన్నది. బ్రిటన్‌లో పసుపు కార్డును పంపు అధికారము క్రమముగా ఫార్మసిస్టులకు, నర్సులకు, 2005 నుండి రోగులకును విస్తరింపబడెను.

భారతదేశమున జాతీయ ఔషధ పర్యవేక్షణ కార్యక్రమము 2010 జులైలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆరంభమై, 2011లో గాజియాబాదులోని భారతీయ ఫార్మకోపియా సంఘమునకు మార్చబడెను. వైద్యకళాశాలలలోని కేంద్రములు నివేదనలు సేకరించుచున్నవి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వానిలో ఒకటి. రోగులును 1800-180-3024 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవచ్చును. నిర్దేశ పద్ధతుల విషయమున కొన్ని చట్టపరమైన చర్యలును జరిగినవి: 12 ఏండ్లలోపు పిల్లలకు నిమెసులైడు వాడుక 2011లో నిషేధింపబడెను, రెండు మూడు మందులను ఒకే మాత్రలో కలిపి అమ్ము మిశ్రమములలో 344 రకములను 2016లో ప్రభుత్వము నిషేధింపగా, న్యాయస్థానములలో వ్యాజ్యము నడచి, 2018లో 328 రకములపై నిషేధము మరల ప్రకటింపబడెను.

అయితే సౌతాంప్టన్ పద్ధతిని ఉన్నదున్నట్లు మన దేశమునకు తెచ్చుట సాధ్యము కాదు. చీటీలన్నియు ఒకచోట చేరు ఏర్పాటు మనకు లేదు. మందుల షాపువాడు చీటిని చూచి మాత్రలు కత్తిరించి యిచ్చి, చీటిని రోగి చేతికే తిరిగి యిచ్చును. ఆ చీటితో రోగి మూడు నెలల తరువాత మరల వచ్చి అవే మాత్రలు కొనును. చీటి లేకయే కొనువారును కలరు. 2014 మార్చి నుండి అమలులోనున్న హెచ్-1 పట్టిక ఒక్కటి కొంత భిన్నమైనది: దానిలోని మందులను, ముఖ్యముగా కొన్ని యాంటీబయాటిక్కులను, క్షయ మందులను, అమ్మినపుడు వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణము వేరొక రిజిస్టరులో నమోదు చేసి, మూడేండ్లు భద్రపరుపవలయును.